తమ్ముడి ఓపీ చీటీలో రాసిన మాటలకు అర్థం చెప్పండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. తమ్ముడికి ఇరవై నాలుగేళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ మొబైల్ షాపులో పనిచేసేవాడు. నాలుగు నెలల కిందట పని మానేసి ఇంటికొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ గదిలోనే. టీవీలో వార్తలు చదివే అమ్మాయి తన గురించే మాట్లాడుతోందంటాడు. ఎదురింటివాళ్లు తన ఫోన్ వింటున్నారంటాడు. అమ్మ వండింది ముట్టడు, కోడిగుడ్లు తనే ఉడకబెట్టుకుని తింటాడు. ఒక్కడే నవ్వుకుంటాడు. పోయిన వారం పెద్దాసుపత్రిలో చూపించాం. చీటీలో ఇంగ్లీషులో ఇలా రాశారు: సైకోమోటార్ యాక్టివిటీ తగ్గింది, మూడ్ ‘బాగానే ఉంది’, అఫెక్ట్ బ్లంటెడ్, డెల్యూజన్ ఆఫ్ రిఫరెన్స్, డెల్యూజన్ ఆఫ్ పర్సిక్యూషన్, థర్డ్ పర్సన్ ఆడిటరీ హాలూసినేషన్స్, ఓరియెంటెడ్, నో సూయిసైడల్ ఐడియేషన్, ఇన్‌సైట్ గ్రేడ్ వన్. చివర్లో సైకోసిస్ అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. నెట్‌లో వెతికితే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వాడికి పిచ్చి పట్టినట్టేనా? బిళ్లలు మొదలుపెట్టిన మూడో రోజు నుంచి హాల్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు, అన్నం దగ్గర కూడా కూర్చోలేకపోతున్నాడు. జబ్బు ముదిరిందని అమ్మ బిళ్లలు ఆపేద్దామంటోంది. మా మేనమామ ఇది చేతబడి అని, ఒకచోట నలభై రోజులు గొలుసు వేసి ఉంచితే పోతుందని అంటున్నాడు. ఆసుపత్రిలో నేను ‘పిచ్చిపిచ్చిగా చేస్తున్నాడండీ’ అని మాత్రం అనగలిగాను. మళ్లీ వెళ్లినప్పుడు ఏం చెప్పాలి? నాకూ నిద్ర పట్టడం లేదు, గుండె దడ. ఇది నాకూ వస్తుందా?
– పేరు వేయవద్దన్న ఒక అక్క

సమాధానం: అమ్మా, చీటీలోని మాటల దగ్గరికి తర్వాత వద్దాం. ముందు హాల్లో తిరగడం గురించి చెప్తాను. దానికి వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగడానికి లేదు.

మీ తమ్ముడికి రాసిన రకం మందులు మొదలుపెట్టిన కొత్తలో కొందరికి కాళ్లు ఊరుకోవు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది, నడిస్తే కాసేపు హాయి, మళ్లీ అదే. లోపల ఏదో పీకుతున్నట్టుంటుంది. దీన్ని అకథీసియా అంటాం. ఇది మందు వల్ల వచ్చే ఇబ్బంది, జబ్బు కాదు. అయితే జబ్బు వల్ల తిరిగేవాడూ ఇలాగే తిరుగుతాడు కాబట్టి చూడ్డానికి తేడా తెలియదు. అందుకే తమ్ముణ్నే అడగండి: ‘భయమేసి తిరుగుతున్నావా, ఎవరైనా తిరగమంటున్నారా, లేక కాళ్లే ఊరుకోవడం లేదా?’ కాళ్లే నిలవనివ్వడం లేదంటే దాదాపుగా ఇదే. డోసు తగ్గించడం, మందు మార్చడం, దీనికోసమే ఇంకో మాత్ర కలపడం వంటి దారులున్నాయి. కానీ ఆ నిర్ణయం డాక్టరు తీసుకోవాలి. రేపే వెళ్లండి. ఓపీ చీటీ చూపించి ‘మందు మొదలుపెట్టిన మూడో రోజు నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాడు’ అన్న ఒక్క వాక్యం చెప్పండి, వాళ్లకు అర్థమవుతుంది. మీ అంతట మీరు బిళ్లలు ఆపవద్దు. అలాగని తేలిగ్గానూ తీసుకోవద్దు. ఈ తెమలనితనం పట్టలేక మందులు విసిరికొట్టినవాళ్లున్నారు, చచ్చిపోదామన్నంత చిరాకు పడ్డవాళ్లూ ఉన్నారు.

ఇలాంటిదే ఇంకొకటి. మెడ ఒక పక్కకు లాగేయడం, కళ్లు పైకి తేలిపోయి కిందికి రాకపోవడం, నాలుక బిగుసుకుపోయి మాట తిరగకపోవడం. దీన్ని డిస్టోనియా అంటారు. ఊళ్లలో దీన్ని చూసి గాలి సోకిందని వేపమండలు తెస్తారు. ఇది కూడా మందు వల్లే వస్తుంది, ఆసుపత్రిలో ఒక ఇంజెక్షన్‌తో చాలా తొందరగా తగ్గిపోతుంది. ఇక జ్వరం ఎక్కువగా వచ్చి, ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయి, మాట్లాడితే తికమకగా ఉంటే అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. అది అరుదు, కానీ ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పుడు చీటీ. మీరు రాసిన మాటల్లో జబ్బు పేరు లాంటిది చివర్లో ప్రశ్న గుర్తు పెట్టిన ఆ ఒక్క సైకోసిసే. మిగతావన్నీ మీ తమ్ముడు ఎదురుగా కూర్చున్న ఆ కాసేపట్లో డాక్టరు కంటితో చూసినవి, చెవితో విన్నవి. దీన్ని మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్ అంటారు. జ్వరమొచ్చినవాడి చీటీ మీద టెంపరేచరు, బీపీ, నాడి రాసినట్టే ఇదీ. ఆ పూట మనసు ఎలా ఉందో రాసుకుంటాం. వచ్చే నెల వెళ్తే మళ్లీ రాస్తారు, మాటలు మారతాయి. మా విద్యలో ఇది ఇంత ముఖ్యం ఎందుకంటే, ఈ జబ్బును ఇదీ అని తేల్చిచెప్పే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ ఇప్పటికీ లేదు. థైరాయిడ్ టెస్టో తల స్కానో రాస్తే వేరే కారణాలు లేవని చూసుకోవడానికి రాస్తాం. మిగతాదంతా చూడ్డం, అడగడం, ఇంట్లోవాళ్లు చెప్పింది వినడం. అందుకే మీరు చెప్పే మాటకు అంత విలువ.

సైకోమోటార్ యాక్టివిటీ తగ్గిందంటే కదలిక, మాట, చేతులు తిప్పడం మామూలు మనిషిలో ఉండేంత లేవని. అంతకుమించి ఏమీ లేదు. ఓరియెంటెడ్ అంటే ఈ రోజు ఏ వారం, ఎక్కడున్నాడు, పక్కనున్నది ఎవరు అన్నవి సరిగా చెప్పాడని. ఇది మంచి సంగతి. మెదడుకు ఇన్ఫెక్షనో, ఒంట్లో ఉప్పు తగ్గడమో, ఇంకేదో ఒంటి జబ్బు వల్ల మనిషి తికమకపడితే ముందుగా చెడేవాటిలో ఈ ఎరుక ఒకటి. సాయంత్రమయ్యేసరికి మీ ఊళ్లో ఏ పెద్దాయనో ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టకుండా గోడ మీద పురుగులున్నాయంటుంటే, లేదా రోజూ తాగేవాడు మానేసిన రెండు మూడు రోజులకు వణుకుతూ లేనివి చూస్తుంటే, అది డెలీరియం. మీ తమ్ముడి సంగతి వేరు, అది వేరు. అలాంటివాళ్లను మానసిక వైద్యుడి అపాయింట్‌మెంట్ కోసం ఆపకుండా వెంటనే జనరల్ ఆసుపత్రిలో చేర్చాలి.

మూడ్ దగ్గర ‘బాగానే ఉంది’ అని తెలుగులోనే ఎందుకు రాశారని మీకు అనుమానం రావచ్చు. మూడ్ అంటే తన మనసు ఎలా ఉందో మనిషి స్వయంగా చెప్పేది. అందుకే అతని మాటనే కొటేషన్లలో పెడతాం. అఫెక్ట్ మాత్రం డాక్టరు చూసేది. ముఖంలో, గొంతులో, కళ్లలో కనిపించే భావం. బ్లంటెడ్ అంటే ఆ భావం మొద్దుబారింది. నవ్వాల్సిన చోట నవ్వు రాదు, భయపడే సంగతి చెప్తున్నా గొంతు ఒకేలా సాగుతుంది. దీన్ని చూసి ఇంట్లోవాళ్లు చాలా బాధపడతారు. ‘అమ్మ ఏడుస్తున్నా వీడికి చీమ కుట్టినట్టయినా లేదు’ అంటారు. అమ్మా, ముఖంలో కనిపించలేదని లోపల లేదనుకోవద్దు. కోలుకున్నాక చాలామంది చెప్తారు, అప్పుడు అమ్మ ఏడుపు విన్నాను, కానీ ముఖం కదల్లేదు అని. మందుల వల్ల కూడా ముఖం కొంత బిగుసుకున్నట్టు ఉండొచ్చు. ఇది మందు వల్లా జబ్బు వల్లా అన్నది డాక్టరు తేల్చుకోవాలి. అందుకే ‘మందు మొదలుపెట్టక ముందు కూడా ఇలాగే ఉండేవాడు’ అనో ‘తర్వాతే ఇలా అయ్యాడు’ అనో మీరు చెప్పాలి.

డెల్యూజన్ అన్న మాట దగ్గర ఆగుదాం. నెట్‌లో మీరు చదివి భయపడింది బహుశా దీని గురించే. డెల్యూజన్ అంటే పొరపాటు నమ్మకం, కానీ మామూలు పొరపాటు కాదు. ఎన్ని రుజువులు చూపించినా కదలదు, వాదిస్తే ఇంకా బిగుసుకుంటుంది, ఆ మనిషి పుట్టి పెరిగిన చోట తోటివాళ్లెవరూ నమ్మని నమ్మకం అది. ఈ చివరి ముక్క ముఖ్యం. సికింద్రాబాద్ బోనాల్లో రంగం చెప్పే ఆమె నోట అమ్మవారు పలుకుతుందని వేలమంది నమ్ముతారు. అది వాళ్ల భక్తి, దాన్ని ఏ డాక్టరూ డెల్యూజన్ అని రాయకూడదు. ‘నాలో అమ్మవారు ఉంది, అందుకే పక్కింటివాళ్లు నన్ను చంపాలని చూస్తున్నారు’ అని ఒక్కరే నమ్మి, నిద్రా తిండీ మాని, తలుపులకు గొళ్లాలు పెట్టుకుంటే అప్పుడు ఆలోచించాలి.

రిఫరెన్స్ అంటే తనకు సంబంధం లేనివి తన గురించే అనుకోవడం. పెళ్లి హాల్లో అడుగుపెట్టగానే అందరూ నన్నే చూస్తున్నారని మనకూ అనిపిస్తుంది, కూర్చున్నాక పోతుంది. మీ తమ్ముడికి పోవడం లేదు. వార్తలు చదివే అమ్మాయి తనకే ఏదో చేరవేస్తోందని గట్టిగా నమ్ముతున్నాడు. పర్సిక్యూషన్ అంటే తనకు హాని తలపెడుతున్నారన్న నమ్మకం.

కోడిగుడ్ల సంగతి మీరు రాశారు చూడండి, ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం అదే. పెంకుతో ఉన్న గుడ్డులో ఎవరూ ఏమీ కలపలేరు. తనే ఉడకబెట్టుకుంటే మధ్యలో చెయ్యి పెట్టేవాళ్లుండరు. అంటే ఆ నమ్మకం నోటి మాట దాటి అతని కడుపు దాకా వెళ్లింది, దాన్ని బట్టే ఏం తినాలో నిర్ణయించుకుంటున్నాడు. ఎంత బలంగా ఉందో, ఎంత భయపడుతున్నాడో దీంతో తెలిసిపోతుంది. ‘అనుమానం ఎక్కువండీ’ అని మీరు పదిసార్లు చెప్పినా ఇంత తెలియదు. ఈ సంగతి డాక్టరుకు చెప్పారా? చెప్పకపోతే రేపు చెప్పండి. ఇంకో మాట. పెంకు ఒలవని గుడ్డు, తొక్క తీయని అరటిపండు, సీలు తీయని పాల ప్యాకెట్టు అతని ముందు పెట్టండి. అతని అనుమానానికి మీరు ఒప్పుకున్నట్టేమీ కాదు, అతని కడుపు ఖాళీగా ఉండదు, అంతే. బిళ్లలు కూడా స్ట్రిప్‌లోంచి అతని కళ్లెదుటే తీసివ్వండి. అన్నంలో కలిపి పెట్టవద్దు. ఒక్కసారి దొరికిపోతే ఇంట్లోవాళ్లు ఏదో కలుపుతున్నారన్న నమ్మకానికి మనమే రుజువు అందించినవాళ్లం అవుతాం.

వాదించవద్దు, ఒప్పుకోవద్దు. ఇది చెప్పినంత సులువు కాదని నాకు తెలుసు. ‘ఫోన్ ఎవరు వింటార్రా, నువ్వేమన్నా మంత్రివా’ అంటే ముఖం తిప్పుకుంటాడు. ‘అవున్రా, వాళ్లు అలాంటివాళ్లే’ అంటే రేపు గోడ దూకి గొడవకు పోతాడు. ‘నాకైతే అలా అనిపించడం లేదురా, కానీ నీకు అంత భయంగా ఉంటే రాత్రిళ్లు ఎలా పడుకుంటున్నావు?’ అనండి. భయం గురించి మాట్లాడండి. అది నిజం, దానిమీద మీ ఇద్దరికీ తగువు ఉండదు.

హాలూసినేషన్ అంటే అక్కడ లేనిది ఉన్నట్టే వినపడటం, కనపడటం, వాసన రావడం. చీకట్లో తాడును చూసి పాము అనుకుంటే అక్కడ తాడైనా ఉంది. దాన్ని ఇల్యూజన్ అంటారు, భయపడ్డ మనిషికి ఎవరికైనా వస్తుంది. హాలూసినేషన్‌లో తాడు కూడా ఉండదు. పైగా ఆ గొంతు మీరూ నేనూ మాట్లాడుకుంటున్నంత స్పష్టంగా, బయటి నుంచి వస్తుంది. ‘అది నీ ఊహ’ అంటే వాడికి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు. నా గొంతు మీకు ఊహ అని ఎవరైనా అంటే మీరు ఒప్పుకుంటారా?

థర్డ్ పర్సన్ అని ఎందుకు విడిగా రాశారంటే, ఆ గొంతులు ఎవరితో మాట్లాడుతున్నాయన్నది మాకు చాలా ముఖ్యం. ‘వీడు లేచాడు, ఇప్పుడు నీళ్లు తాగుతున్నాడు, చూడు ఎలా తాగుతున్నాడో’ అని ఇద్దరు కూర్చుని అతని గురించి వాళ్లలో వాళ్లు చెప్పుకుంటున్నట్టు వినపడితే థర్డ్ పర్సన్. జర్మనీకి చెందిన కుర్ట్ ష్నైడర్ అనే వైద్యుడు స్కిజోఫ్రీనియాను (ఇలాంటి గొంతులు, నమ్మకాలు చాలాకాలం ఉండిపోయే జబ్బు) గుర్తుపట్టడానికి మొదటి వరుస లక్షణాలు అని కొన్నిటిని విడదీశాడు, వాటిలో ఇదొకటి. తన ఆలోచనలు బయటికి పొక్కిపోతున్నాయనీ, ఎవరో తన తలలోకి ఆలోచనలు దూరుస్తున్నారనీ అనడం కూడా ఆ వరుసలోవే. అయితే ఇవి కనిపిస్తే చాలు అదే జబ్బు అని ఇప్పుడెవరూ అనరు. మేనియాలోనూ, అంటే ఉత్సాహం హద్దు మీరిపోయే స్థితిలోనూ, కొందరికి ఇవి వస్తాయి. ‘నువ్వు పనికిరావు’, ‘వెళ్లి దూకు’ అని నేరుగా అతనితో మాట్లాడితే సెకండ్ పర్సన్. అందులో ఆజ్ఞలిచ్చే గొంతులే ప్రమాదం. మీ చీటీలో అలాంటిది రాయలేదు. కానీ మారొచ్చు. ‘ఏమన్నా చెయ్యమని చెప్తున్నారా?’ అని అప్పుడప్పుడూ అడగండి. అవునంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నిద్రలోకి జారుకునేటప్పుడు ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వినపడటం, భర్త పోయిన కొత్తలో ఆయన దగ్గు వినపడిందని ఆవిడ అనడం జబ్బులు కావు. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటివి ఉంటే ఈ చీటీ చూసి కంగారుపడకండి.

ఇక ఇన్‌సైట్ గ్రేడ్ వన్. దీన్ని చూసి మొదటి గ్రేడు కదా, కొంచెమే ఉందేమో అనుకునేవాళ్లున్నారు. ఇన్‌సైట్ అంటే తనకు జబ్బు ఉందన్న ఎరుక. మన దేశంలో దాన్ని ఆరు మెట్లుగా రాస్తారు. ఒకటి అంటే ‘నాకేమీ లేదు, మీరే అనవసరంగా తీసుకొచ్చారు’ అని పూర్తిగా కాదనడం. మధ్య మెట్లలో ‘ఏదో తేడాగా ఉంది, కానీ పక్కింటివాళ్ల వల్లే’ అన్నట్టుంటుంది. ఆరు అంటే జబ్బును అర్థం చేసుకుని దానికి తగ్గట్టు నడుచుకోవడం.

ఇంట్లో గొడవలు ఎక్కువగా ఈ మాట దగ్గరే వస్తాయి. ‘జబ్బు లేదంటాడేంటి, మొండిఘటం’ అని నాన్నలు చేయి చేసుకుంటారు. ఆ ఎరుక లేకపోవడం జబ్బులో భాగమేనమ్మా. 1960ల చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో స్కిజోఫ్రీనియా మీద పెద్ద అధ్యయనం మొదలుపెట్టింది, మన ఆగ్రా కూడా అందులో ఒక కేంద్రం. అన్ని దేశాలూ కలిపి చూస్తే అన్నిటికంటే ఎక్కువమందిలో కనిపించిన లక్షణం గొంతులు వినపడటం కాదు, తనకు జబ్బు ఉందని తెలియకపోవడం. అదే అధ్యయనంలో ఇంకోటి కూడా తేలింది. కొన్నేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే, ఆగ్రాలోని రోగుల్లో చాలామంది ధనిక దేశాల్లోవాళ్ల కంటే మెరుగ్గా ఉన్నారు. ఎందుకన్నది ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నాకైతే మీలాంటి అక్కలు పక్కన ఉండటం ఒక కారణమై ఉంటుందని గట్టిగా అనిపిస్తుంది.

కాబట్టి జబ్బు ఉందని ఒప్పించే పని పెట్టుకోకండి. అతనికి ఏది బాధగా ఉందో దానికోసం రమ్మనండి. ‘నిద్ర పట్టడం లేదు కదా, దానికి చూపించుకుందాం’ అంటే వస్తాడు.

నో సూయిసైడల్ ఐడియేషన్ అంటే ఆ రోజు చనిపోవాలన్న ఆలోచనలు లేవని. ఆ రోజు మాట అది. ‘నేను లేకపోతే మీకు హాయి’ అన్న మాటకూ, ఎప్పుడు ఎలా అని లెక్క వేసుకోవడానికీ మధ్య తేడాను మేం విడిగా రాస్తాం. రెండూ వినాల్సినవే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది నోరు మూసుకుంటారు. అలా పుట్టదు. ‘చచ్చిపోవాలనిపిస్తోందారా?’ అని మామూలు గొంతుతో అడగొచ్చు. మీది వ్యవసాయం చేసే ఇల్లయితే పురుగుమందు డబ్బాలు ఈ రోజే ఇంట్లోంచి తీసేయండి. చేలో షెడ్డులో పెట్టి తాళం వేస్తే తాళం చెవి ఇంట్లో ఉండకూడదు. మిగిలిన బిళ్లలు కూడా మీ దగ్గరే ఉంచుకుని ఏ పూటవి ఆ పూట ఇవ్వండి.

చివరికి ఆ ప్రశ్న గుర్తు. సైకోసిస్ అనేది ఒక జబ్బు పేరు కన్నా ఒక స్థితి పేరు అనుకోండి. నిజానికీ నిజం కానిదానికీ మధ్య గీత చెరిగిపోయిన స్థితి. స్కిజోఫ్రీనియాలో రావచ్చు, మనసు ఒకసారి మరీ పొంగి ఇంకోసారి మరీ కుంగిపోయే బైపోలార్‌లో రావచ్చు, తీవ్రమైన డిప్రెషన్‌లో రావచ్చు, గంజాయి వల్ల రావచ్చు, కొన్ని వారాల్లో పూర్తిగా తగ్గిపోయేదీ ఉంది. ఏదన్నది కాలం గడిస్తే గానీ తేలదు, అందుకే తొందరపడి పేరు పెట్టకుండా డాక్టరు ప్రశ్న గుర్తు పెట్టారు. నేను ఉత్తరం చదివి దాన్ని తీసేయలేను, తీసేయకూడదు కూడా. మీరు చేయగలిగింది ఒకటుంది. హాస్టల్లో ఉన్నప్పుడు గంజాయి తాగాడా అని అతని స్నేహితుణ్ని ఒకరిని నెమ్మదిగా అడగండి. తాగాడని తెలిస్తే అమ్మానాన్నల ముందు అల్లరి చేయకుండా డాక్టరుకు మాత్రం చెప్పండి. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయా, తలకు దెబ్బ తగిలిందా, ఇంట్లో మీ తాతల వైపు ఎవరికైనా ఇలా ఉండేదా అన్నవి కూడా.

‘వాడికి పిచ్చి పట్టినట్టేనా’ అని అడిగారు. మా చీటీల్లో ఆ మాట ఎక్కడా ఉండదు. దాంతో ఏ మందు రాయాలో తెలియదు, మనిషికి ఏం బాధో తెలియదు. మీ తమ్ముడికి లేని గొంతులు వినపడుతున్నాయి, అందరూ తనకు హాని చేస్తారని భయపడుతున్నాడు, అది జబ్బు అని అతనికి తెలియడం లేదు. ఇప్పటికి తెలిసింది ఇంతే. వీటిలో మొదటి రెండూ మందులకు బాగా లొంగుతాయి. ముందు గొంతులు దూరమవుతాయి, భయం తగ్గుతుంది, నమ్మకాలు కాస్త ఆలస్యంగా సడలుతాయి. వారాలు పడుతుంది. పోయిన వారమే కదా మొదలుపెట్టారు.

మళ్లీ వెళ్లినప్పుడు ఏం చెప్పాలన్నారు. ఈ ఇంగ్లీషు మాటలు నేర్చుకుని చెప్పవద్దు. ‘డెల్యూజన్స్ పెరిగాయండీ’ అంటే మీరు ఏం చూశారో మాకు అందదు. ఒక చిన్న నోట్‌బుక్‌లో ఏ రోజు, ఏ వేళకు, ఏం చేశాడు, ఏమన్నాడు అన్నది అతని మాటల్లోనే రాయండి. ఇలా: ‘మంగళవారం రాత్రి రెండింటికి లేచి కిటికీ రెక్కలకు పాత పేపర్లు అంటించాడు. ఏంట్రా అంటే, నీకు తెలియదు, ఊరుకో అక్కా అన్నాడు. కోపంగా అనలేదు, భయంగా అన్నాడు.’ ఈ నాలుగు ముక్కల్లో నిద్ర ఉంది, అనుమానం ఉంది, అతని భావం ఉంది, మీతో ఇంకా మాట్లాడుతున్నాడన్న సంగతీ ఉంది. మాట్లాడుతూ సగంలో ఆగి పక్కకు చూడటం, చెవుల్లో దూది పెట్టుకోవడం, ఇయర్‌ఫోన్లో పాటలు మరీ పెద్దగా పెట్టుకోవడం వంటివి కనిపిస్తే రాయండి. గొంతులు వినపడకుండా ఉండాలని కొందరు అలా చేస్తారు. ఎన్ని గంటలు పడుకున్నాడు, స్నానం చేశాడా, బిళ్ల మింగాడా, బుగ్గలో పెట్టుకుని ఉమ్మేశాడా అన్నవి కూడా. మొదటిసారి తేడాగా అనిపించింది ఎప్పుడో బాగా గుర్తు తెచ్చుకోండి. పని మానేసిన రోజుకు ముందే, ఫోన్లో మాట తగ్గిన రోజుల్లోనే మొదలై ఉండొచ్చు. అయితే అతనికి తెలిసేలా నోట్‌బుక్ పట్టుకుని వెంట తిరగవద్దు. అసలే ఎవరో గమనిస్తున్నారన్న భయంలో ఉన్నాడు. రాత్రి అందరూ పడుకున్నాక రాసుకోండి.

ఓపీలో మిమ్మల్ని బయట కూర్చోమని తమ్ముడితో ఒంటరిగా మాట్లాడితే బాధపడకండి. మనసు నిలుస్తోందో లేదో చూడ్డానికి అతన్ని నూటిలోంచి ఏడేసి తీసేసుకుంటూ పొమ్మంటారు, ‘దూరపు కొండలు నునుపు’ అంటే ఏంటో చెప్పమంటారు. ‘దూరం నుంచి చూస్తే రాళ్లు కనపడవు’ అని అక్కడితో ఆగిపోతే ఆలోచన కొండల దగ్గరే నిలిచిపోయిందని, దాని వెనక ఉన్న అర్థం దాకా వెళ్లలేకపోతున్నాడని తెలుస్తుంది. చదువును బట్టి, అలవాటును బట్టి కూడా జవాబు మారుతుంది కాబట్టి ఒక్కదాన్ని పట్టుకుని ఏమీ తేల్చం.

మీ మేనమామ గారికి ఇది చదివి వినిపించండి. ఆయనకు మేనల్లుడి మీద ప్రేమ లేక అనడం లేదు. దేవుడికి మొక్కుకోండి, తాయెత్తు కట్టించండి, నేను అడ్డు చెప్పను. బిళ్లలు ఆపకుండా ఏదైనా చేయండి. గొలుసు మాత్రం వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా దగ్గర రోగులను ఉంచే ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది కాలిపోయారు. వాళ్లను కూడా తగ్గుతుందన్న ఆశతో ఇంట్లోవాళ్లే తెచ్చి అక్కడ వదిలారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసు వేయడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. మీ తమ్ముడి వివరాలు గోప్యంగా ఉంచాలని, తన వైద్య రికార్డు చూసుకునే హక్కు రోగికి ఉందని కూడా అందులో ఉంది. అర్థం కాని మాట చీటీలో ఉంటే అడిగి చెప్పించుకోవడానికి మీరు మొహమాటపడక్కర్లేదు.

మీ సంగతికి వస్తాను. మీ దడ, నిద్రలేమి ఆ జబ్బుకు మొదలు కాదు. ‘నాకూ వస్తుందేమో’ అని మీరే అడుగుతున్నారంటే మీ ఇన్‌సైట్ నిక్షేపంగా ఉంది. ఒకవేళ తమ్ముడిది స్కిజోఫ్రీనియాయే అని రేపు తేలినా, తోబుట్టువుల్లో పదిమందికి తొమ్మిదిమందికి అది రాదు. మీకున్నదాన్ని మా భాషలో యాంగ్జయిటీ అంటాం, మీ భాషలో టెన్షన్. కారణం కళ్లెదుటే ఉంది. ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరి ఆడక, ఇప్పుడే పోతానేమో అనిపించి కొద్ది నిమిషాల్లో తారస్థాయికి చేరి తగ్గిపోతుంటే అది ప్యానిక్ అటాక్. అలా వస్తే ఒకసారి ఈసీజీ తీయించుకుని, తర్వాత మానసిక వైద్యుడికి చెప్పండి. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, నావల్లే ఇదంతా అనిపించడం రెండు వారాలకు పైగా రోజూ ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు తమ్ముడితో పాటు మీ పేరున కూడా ఒక ఓపీ చీటీ తీసుకోండి.

అర్ధరాత్రి ఏమీ తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అది. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. రేపు ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అమ్మను కూడా తీసుకెళ్లండి. కాళ్లు ఎందుకు ఊరుకోవడం లేదో డాక్టరు నోట ఆవిడ వింటే బిళ్లలు ఆపేద్దామన్న మాట ఇంట్లో మళ్లీ రాదు. వచ్చాక రాత్రిపూట తమ్ముడి గది దగ్గర పడుకునే పని నాన్నతో పంచుకోండి, రోజు విడిచి రోజు.